సమస్య: “చేప చెట్టెక్కి కోఁతుల చెలిమి సేసె”

ఈ వారం సమస్యాపూరణకు, అంటే పై పాదం చివర వచ్చేలా పద్యం పూర్తిచేయడానికి, ఇచ్చింది తేటగీతి పాదం. విషయం జానీ వైస్‌ముల్లర్. 1924 పారిస్‌లో మూడు, 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచి, 1932లో అడవి మనిషి టార్జాన్‌గా తెరకెక్కిన ఈతగాడు. చీటా ఆ చిత్రాల్లో టార్జాన్‌కి తోడుండే చింపాంజీ. చేప ఎవరో విడమర్చి చెప్పక్కర్లేదు.

పూరణ 1

అయిదు పసిఁడులు గెలిచిన యట్టి మేటి
జలము వీడి టార్జానుగ జగతి మెచ్చఁ
దెరను చీటాకుఁ దోడుగఁ దిరిగి తిరిగి
చేప చెట్టెక్కి కోఁతుల చెలిమి సేసె

— నడక హాయిగా ఉంది, యతులు కుదిరాయి. కానీ ఆయన జలం వీడిందెప్పుడండీ? 1934 నాటి రెండో చిత్రంలో నీళ్ళ అడుగున మొసలితో కలబడ్డాడు. 1939 చిత్రానికైతే ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్‌కి వెళ్ళి మరీ నీటి అడుగు దృశ్యాలు తీశారు. చెట్టెక్కినా చేప చేపే. ‘వీడక టార్జాను’ అనండి. గణాలు చెడవు, నిజం నిలుస్తుంది.

— బాగుంది గురువుగారూ. కానీ ‘టార్జానుగ’లో ‘గ’ పోయి అన్వయం బిగుసుకోలేదూ?

— ‘మేటి టార్జాను’ అని కలుపుకుంటే సరి.

పూరణ 2

నిముసమునకన్న ముందుగా నీఁది నూఱు
మీటరులను దాటినవాఁడు మెఱసెఁ దెరను
వానరము చేయి పట్టెను వనమునందు
చేప చెట్టెక్కి కోఁతుల చెలిమి సేసె

— 1922 జులైలో 58.6 సెకన్లు! నూరు మీటర్లను నిమిషం లోపు ఈదిన మొదటి మనిషి ఆయనే. దాన్ని పద్యంలోకి లాక్కొచ్చినందుకు అభినందనలు. అయితే వానరం వచ్చాక మళ్ళీ కోతులు పునరుక్తి. పైగా చెట్టెక్కడానికి ఆధారమే లేదు.

— మూడో పాదం ‘వల్లి పట్టుక యూఁగుచు వనమునందు’ అంటేనో?

— భేష్, రెండు దోషాలూ పోయాయి. అన్నట్టు, పారిస్‌లో ఈయన చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్న హవాయి వీరుడు డ్యూక్ కహనమోకు కూడా హాలీవుడ్‌లో వేషాలు వేశాడు. అన్నీ చిన్నవే, పాపం. ఆయన మీదా ఎవరైనా రాయండి.

పూరణ 3

మత్స్యమై వేదముల నిచ్చె మాధవుండు
పొన్న నెక్కెను కృష్ణుఁడై పొలఁతు లడుగ
రాముఁడై కూడె సుగ్రీవు రణము గెలువ
చేప చెట్టెక్కి కోఁతుల చెలిమి సేసె

— వైస్‌ముల్లర్ ఊసే లేదు! కానీ ముడి విప్పడమంటే ఇదీ. బహుమతి ఇవ్వలేం, పక్కన పెట్టనూ లేం.

— రాముడికన్నా కృష్ణుడు ముందొచ్చాడేమిటండీ?

— సమస్యలోనే చెట్టు ముందు, కోతులు తర్వాత. కవి ఏం చేస్తారు!