అప్‌డేట్: లేఆఫ్ గురించి ఇంటర్వ్యూలో ఏం చెప్పానంటే

విశాఖ మధురవాడలో మా ప్రాజెక్టు మూసేసి టీమ్ మొత్తాన్ని తీసేశారని, ఇంటర్వ్యూలో పాత ఉద్యోగం ఎందుకు పోయిందన్న ప్రశ్న రాగానే గొంతు తడారిపోతోందని, ఏం చెప్పాలో చెప్పమని మిమ్మల్ని అడిగాను కదా. రుషికొండలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరుతున్నాను.

రెండు మూడు వాక్యాల్లో ముగించమన్న సలహానే పనిచేసింది. "క్లయింట్ కాంట్రాక్టు ముగియడంతో మా టెస్టింగ్ టీమ్ మొత్తాన్ని తీసేశారండి, పనితీరు కారణం కాదు. అక్కడ పేమెంట్ యాప్‌కి ఆటోమేషన్ టెస్టులు నేనే రాశాను. ఇక్కడా అలాంటి పనే చేయాలనుకుంటున్నాను." అంతే, ఆగిపోయాను.

ఆగడమే అన్నిటికన్నా కష్టం. అవతలివాళ్లు మౌనంగా ఉంటే ఇంకేదో చెప్పాలనిపిస్తుంది. పాత మేనేజర్ గురించి నోరు జారేది అక్కడే. సీతమ్మధారలో ఉండే మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, నా జవాబు విన్నాక కావాలనే పలక్కుండా నా వైపే చూస్తూ కూర్చునేవాడు. ఆ ప్రాక్టీసుతోనే టెన్షన్ తగ్గింది.

ఒకరు రాజీనామా చేశానని చెప్పమన్నారు. దయచేసి ఎవరూ అలా చెప్పకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో, అంటే మనం చెప్పింది నిజమో కాదో కొత్త కంపెనీ చూసే తనిఖీలో, పాత కంపెనీ హెచ్‌ఆర్‌నే అడుగుతారు, పాత కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్ చూస్తారు. అన్నట్టు, పాత కంపెనీ పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం మానేసిన తేదీ) వేయకపోతే, మానేసిన 2 నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌లో (పీఎఫ్ వెబ్‌సైట్‌లో) మనమే వేసుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

జీతం పాతదానికంటే కొంచెం తక్కువ. పని నచ్చింది కాబట్టి ఒప్పుకున్నాను. ఓపికగా జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు.