బయటి గోడలకు రెండు మూడు వేల స్ప్రే గన్ను సరిపోతుందా, రోలరే మేలా?

సాయినగర్_ఇల్లు:
అన్నలకు, అక్కలకు నమస్కారం. అనంతపురం సాయినగర్‌లో మాది ఒకే అంతస్తు ఇల్లు. శ్రావణంలో చెల్లెలి పెళ్లి. లోపల రంగు బాగానే ఉంది, బయట మాత్రం వెలిసిపోయింది. గోడలన్నీ కలిపి వెయ్యి చదరపు అడుగులు ఉంటాయి. అవి కాక కాంపౌండు మీద సిమెంటు జాలీలు, ఇనుప గేటు, కిటికీ గ్రిల్స్. కూలి ఎంతవుతుందో కనుక్కుంటే గుండె గుభేలుమంది. ఆన్‌లైన్‌లో కరెంటు స్ప్రే గన్నులు రెండు మూడు వేలకే ఉన్నాయి, 800 మి.లీ. కప్పుతో. ఇంట్లోవాళ్లు రోలర్ చాలంటున్నారు. కొననా, వద్దా?

గుత్తి_రోడ్డు:
కొను తమ్ముడూ. మా పిట్టగోడకు గరుకు ప్లాస్టరింగు. రోలర్ మీదమీదే పోతుంది, గుంటల్లో పాత రంగు అట్లే కనపడుతుంది. బ్రష్షుతో పొడుస్తూ కూర్చుంటే పొద్దుగూకుతుంది. గన్నయితే ఏ సందులోకైనా దూరుతుంది. పైగా ఒకసారి కొన్న వస్తువు ఇంట్లోనే ఉంటుంది, కూలి ప్రతిసారీ ఇయ్యాల్సిందే.

పాతూరు_రంగులపని:
నేను రంగులపనే చేస్తాండా. ఉన్నమాట చెప్తా, గోడలకు ఆ గన్ను వద్దు.

లెక్క చూడు. బయటి గోడల ఎమల్షన్, అంటే నీళ్లు కలిపే రంగు, రెండు పూతలకు లీటరు 50, 60 చదరపు అడుగులు వస్తుంది. వెయ్యి అడుగులకు ఇరవై లీటర్ల దాకా పడుతుంది. నీళ్లు కలిపితే పాతిక దాటుతుంది. ఆ కప్పు ముప్పై సార్లకు పైనే నింపాల. నిండిన గన్ను రెండు కిలోల పైన తూగుతుంది, దాన్ని తలపైకెత్తి ఆడించాల.

చిక్కటి ఎమల్షన్‌ను అంత చిన్న మోటారు చిమ్మలేదు. గన్నుతో పాటు అడుగున రంధ్రం ఉండే చిన్న కప్పొకటి ఇస్తారు. దాంట్లో రంగు పోసి ఎన్ని సెకన్లలో కారిపోతుందో చూసి నీళ్లు కలపమంటారు. అది పారేదాకా కలిపితే డబ్బా మీద రాసిన కొలత దాటిపోతుంది. పొర పల్చనైతే మన ఎండకు తొందరగా వెలిసిపోతుంది, చెయ్యి పెడితే పొడి అంటుకుంటుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. ఆ మోటారు గాలిని వేడిచేసి వదుల్తుంది. ఎండకు కాలిన గోడ మీదికి వేడిగాలితో కొడితే తుంపర గోడను తాకేలోపే సగం ఆరిపోతుంది. రంగు పరుచుకోదు, ఉప్పుకాగితం మాదిరి గరుకుగా నిలుస్తుంది.

పెళ్లి శ్రావణంలో అంటే నువ్వు రంగేసేది ఆషాఢంలో. రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగేది ఆ గాలికే. నీ రంగు పక్కింటి కారు మీద పడుతుంది.

గుత్తి_రోడ్డు:
మేస్త్రీ, ఆషాఢంలోనైనా తెల్లవారి ఎనిమిది లోపల గాలి నెమ్మదిగానే ఉంటుంది, గోడా చల్లగా ఉంటుంది. 1.5 మి.మీ. నాజిల్‌తో, అంటే రంగు చిమ్మే ముక్కుతో, కొడితే నీళ్లు ఎక్కువే పడతాయి, 2.5, 3 మి.మీ. నాజిల్ ఉన్న గన్ను తీసుకుంటే అంత అవసరం రాదు. కొట్టిన వెంటనే, తడి మీదే రోలర్ తిప్పితే రంగు గుంటల్లోకి దిగుతుంది. పెద్ద బిల్డింగులకు ఎయిర్‌లెస్ మిషన్‌తో చేసేటోళ్లూ అట్లే తిప్పుతారు కదా?

పాతూరు_రంగులపని:
ఎయిర్‌లెస్ వేరే అన్నా. దాంట్లో గాలే ఉండదు. పంపు బకెట్లోంచే రంగు లాగి 2,000, 3,000 పీఎస్‌ఐ ఒత్తిడితో చిమ్ముతుంది, చిక్కదనాన్ని లెక్కచెయ్యదు. ధరా వేరే, అపాయమూ వేరే. గన్ను ముక్కుకు అడ్డంగా వేలు పెడితే రంగు చర్మంలోకి దూరుతుంది. పైకి సూది గుచ్చినంతే కనపడినా ఆ నిమిషమే ఆసుపత్రికి పోవాల. చిన్న గన్నును దాంతో పోల్చొద్దు. వెనక రోలర్ తిప్పను ఇంకో మనిషి కావాలంటే, ఆ మనిషే రోలర్‌తో గోడంతా వేస్తే పోలా?

తాడిపత్రి_వెల్డింగు:
గేటు, గ్రిల్స్, జాలీల సంగతి ఎవరూ మాట్లాడరేమి? ఈ గన్ను నిజంగా పనికొచ్చేది అక్కడే. సన్న కడ్డీలకు బ్రష్షు పెడితే రంగు కిందికి కారి చుక్కలు చుక్కలుగా గట్టిపడుతుంది. గన్నుతో ఏడెనిమిది అంగుళాల దూరం నుంచి పల్చగా రెండు మూడు సార్లు కొడితే నున్నగా వస్తుంది. కడ్డీల సందుల్లోంచి చాలా రంగు వెనక్కి పోతుంది, వెనక పాత ఫ్లెక్సీ కట్టండి. ఇనుముకు వేసే ఎనామిల్ నూనె రంగును టర్పెంటైన్‌తోనే పల్చన చెయ్యండి. లాకర్ రంగుల్లో కలిపే ఎన్‌సీ థిన్నర్ మాత్రం పొయ్యొద్దు, దాని ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది, మోటారు పక్కనే తిరుగుతుంటుంది. కారు టైర్లకు గాలి పట్టే చిన్న కంప్రెసర్‌తో పని నడుస్తుందా అని మా షాపులో చాలామంది అడుగుతారు. నడవదు. ఒత్తిడి ఉంటుంది గానీ స్ప్రేకి కావాల్సినంత గాలి రాదు.

కదిరి_అక్క:
తమ్ముడూ, ఆ గేటు ఎప్పటిది? ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 భాగాలు) దాటకూడదన్న కేంద్రం నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ అయితే, అందులోనూ పసుపో ఎరుపో అయితే, పొడిగా గీకొద్దు. వాటర్ పేపర్‌తో, అంటే నీళ్లలో వాడే ఉప్పుకాగితంతో, తడిపి రుద్దండి. పెళ్లింట్లో పిల్లలు తిరుగుతుంటారు, ఆ మడ్డిని వాకిట్లో వదలకుండా ఎత్తెయ్యండి. ఎమల్షన్ తుంపరకు ఎన్95 మాస్కు చాలు. టర్పెంటైన్ ఆవిరిని అది ఆపదు, కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి.

సాయినగర్_ఇల్లు:
గేటు మా నాయన ఇల్లు కట్టినప్పటిది అక్కా, ఇరవై ఏళ్లు దాటింది. తడిపే రుద్దుతా. గోడలు మూడు వైపులా నున్నగానే ఉన్నాయి, వెనక గోడ ఒక్కటే గరుకు. నున్నటి గోడలకు రోలరే అనుకుంటున్నా. జాలీలకు, గేటుకు గన్ను కొంటా. ఏం చూసి కొనాలి?

గుత్తి_రోడ్డు:
అట్లయితే వెనక గోడ గన్నుతో కొట్టి చూడు. కుదరకపోతే రోలర్ ఉండనే ఉంది.

పాతూరు_రంగులపని:
గరుకు గోడకు పొడుగు బొచ్చు రోలర్ దొరుకుతుంది, అది గుంటల్లోకి పోతుంది. నా మాట అదే. కొట్టి చూస్తానంటే మాత్రం పొద్దున్నే చూడు, పక్కింటోళ్లకు ముందు రోజే చెప్పు.

కొనేటప్పుడు వాట్లొక్కటే చూడొద్దు. రెండు మూడు నాజిళ్లు ఇస్తారా, నాజిల్ లోపలి సూది అరిగితే విడిగా దొరుకుతుందా అడుగు. ఎనామిల్‌కు చిన్న నాజిల్, జాలీల ఎమల్షన్‌కు పెద్దది. రంగు నైలాన్ గుడ్డలో వడగట్టకుండా పొయ్యొద్దు, ఒక్క పలుకు చాలు ముక్కు మూసుకుపోయేదానికి. ముందు అట్టముక్క మీద కొట్టి చూసుకో. చెయ్యి కదిలినాకనే ట్రిగ్గర్ నొక్కు, చెయ్యి ఆగేలోపే వదిలెయ్, లేకుంటే ఆడ రంగు కారుతుంది. పనైన వెంటనే సూది, ముక్కు విప్పి కడుగు. ఎమల్షన్‌కు నీళ్లు, ఎనామిల్‌కు టర్పెంటైన్. మన ఎండలో గన్ను అట్లే పెట్టి టీ తాగను పోతే, వచ్చేసరికి ముక్కులో రంగు గట్టిపడి ఉంటుంది.