సమస్య: పిల్లి యింటఁ జేసెఁ బెండ్లి యెలుక

నిర్వాహకుడు: ఈ వారం పూరణకు, అంటే మిగిలిన మూడు పాదాలు రాసి అర్థం కుదర్చడానికి, ఇచ్చినది ఆటవెలది అనే పద్యంలో నాలుగవ పాదం. ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల చిన్న గణాలు), యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగవ గణం మొదటి అక్షరంతో కుదరవలసిన పొత్తు, ‘పి–బె’. ‘పిల్లి లేని ఇంట్లో ఎలుకలదే రాజ్యం’ అన్న సామెతను అందరం ఎరుగుదుం. బడిపంతులు సెలవు పెట్టిన రోజున, అత్తగారు పుష్కరాలకు వెళ్లిన వారంలో, పై అధికారి క్యాంపులో ఉన్నప్పుడు ఈ మాట తప్పక వినబడుతుంది. దానిలో నింద కన్నా నవ్వే ఎక్కువ. సమస్యలో మాత్రం పిల్లి ఎక్కడికీ వెళ్లలేదు. దానిని ఊరికి పంపి పూరించినవారు ఏడుగురు. అది సామెతను తిరిగి చెప్పడమే తప్ప సమస్యను విడగొట్టడం కాదు గనుక వాటిని పక్కన పెట్టి, చర్చకు తగిన మూడింటిని ఇస్తున్నాను.

పూరణ 1 (నల్లగొండ ఉపాధ్యాయులు)

గురువు బయటి కేఁగఁ గొంతెత్తెఁ దరగతి
సుద్దముక్కఁ బట్టి చొక్కి యాడె
లీడరైన వాఁడె గుర్తింప మఱచెను
పిల్లి యింటఁ జేసెఁ బెండ్లి యెలుక

నిర్వాహకుడు: పంతులు గడప దాటగానే నల్లబల్ల మీద ‘మాట్లాడినవారు’ అని రాసి, కింద గీత గీసి, ఎవరి పేరు ఎక్కించాలా అని తరగతి వైపు చూసే ఆ పిల్లవాడు నా కళ్లకు కట్టాడు. గురువు వెళ్లినా కాపలా పిల్లి ఒకటి గదిలోనే ఉన్నది, అదే ఎలుకలతో కలిసింది. కాబట్టి పూరణ సమస్యకు న్యాయం చేసింది. అయితే మూడవ పాదంలో ‘లీ’కి ‘గు’ యతి చెల్లదు. ‘లెక్కింప మఱచెను’ అంటే గణాలు చెడవు, యతి కుదురుతుంది, పేర్లు లెక్కపెట్టవలసినవాడన్న చురక కూడా మిగులుతుంది.

నల్లగొండ ఉపాధ్యాయులు: సవరణ శిరోధార్యం. ఆ సుద్దముక్క పట్టినవాణ్ణి నేనేనండీ.

పూరణ 2 (బెంగళూరు సభ్యురాలు)

పాల దొంగ యెవరు? పసిపాప యెట నాడు?
సల్పె ననఁగ నేమి? జంట కేమి
జరుగు? విఘ్నరాజు చను వాహనం బేది?
పిల్లి, యింటఁ, జేసెఁ, బెండ్లి, యెలుక

నిర్వాహకుడు: క్రమాలంకారం, అంటే ప్రశ్నల వరుసలోనే జవాబులు రావడం, నిర్దుష్టంగా నడిచింది. అవధాన సభలో చప్పట్లు పడే పూరణే, కానీ ప్రశ్నల వరుసలో సామెత ఆవిరైపోయింది.

పూరణ 3 (రాజమండ్రి సభ్యులు)

కావలున్న కపినిఁ గడుఁ గొట్టి తేనెలు
వానరాళి యానె వనమునందు
రాజు కోపపడక రామకార్యం బెంచె
పిల్లి యింటఁ జేసెఁ బెండ్లి యెలుక

నిర్వాహకుడు: సుందరకాండలోని మధువన ఘట్టం. సుగ్రీవుని మేనమామ దధిముఖుడు స్వయంగా కాపలా ఉండగానే వానరులు తోటను కొల్లగొట్టారు. అతడు వెళ్లి మొర పెట్టుకుంటే, సీత జాడ దొరకకపోతే వీళ్లకు ఇంత తెగువ రాదని సుగ్రీవుడు గ్రహించి సంతోషించాడు. అదుపు తప్పిన నడతను చూసి పని నెరవేరిందని తెలుసుకోవడం సామెతకే ఎదురు నడక. ఈ వారం నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

బెంగళూరు సభ్యురాలు: ఒక అభ్యంతరం ఉన్నది. వానరులు అడిగే నాథుడు లేక చెలరేగలేదు. యువరాజైన అంగదుడు అనుమతి ఇచ్చిన తరువాతే తేనె ముట్టారు. పెద్దవాడు సరేనన్నాక దానిని ఎలుక పెండ్లి అనవచ్చునా?

రాజమండ్రి సభ్యులు: అంగదుడు ఆ గుంపుకు నాయకుడే గాని, తోట సుగ్రీవునిది, కాపలా దధిముఖునిది. గుంపులో పెద్దవాడే ఊ కొడితే పెండ్లి ఇంకా ఘనంగా జరుగుతుంది. నల్లగొండ వారి లీడరు చేసినదీ అదే కదా! అయినా మీ మాటలో పస ఉన్నది, అంగదుణ్ణి పద్యంలోకి తీసుకురావలసిందే. మొదటి రెండు పాదాలను ఇలా మార్చుతున్నాను:

కావలున్న కపినిఁ గడుఁ గొట్టి తేనెల
నంగదుండు మెచ్చ నానెఁ గపులు

బెంగళూరు సభ్యురాలు: ఇప్పుడు ఒప్పుకుంటాను. యతి కూడా చక్కగా పడింది.