చెక్కభజన రికార్డింగ్ సౌండంతా అణిగిపోయింది, సరిచేసుకునే దారి ఉండాదా?

జమ్మలమడుగు పిల్లోడు:
అన్నలూ, ఒక డౌటు. మాది జమ్మలమడుగు పక్కన పల్లె, మా నాయన చెక్కభజన గురువు. యూట్యూబ్‌లో పెడదామని కడపలో ఒక స్టూడియోలో ఆరు పాటలు రికార్డు చేయించినాము. ఫోన్లో మొదటిసారి విన్నప్పుడు భలే గట్టిగా ఉండాదే అనిపించింది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని వింటే రెండో పాటకే తలనొప్పి. డోలక్ దెబ్బ పడినప్పుడల్లా నాయన గొంతు లోపలికి పోయి మళ్లా తేలుతాంది. చెక్కలు టక్కున పడల్ల కదా, చప్ చప్ మంటాండాయి, గజ్జెలైతే పాటంతా ఒకటే రొద. మెల్లగా ఎత్తుకొని పోనుపోను జోరందుకునే పాట అది, ఇందులో ఎత్తుకున్నప్పుడూ జోరు మీదున్నప్పుడూ సౌండు ఒకటే. ఆడాసిటీలో (సౌండు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) తెరిస్తే సౌండు గీత పొడుగ్గా ఇటుక పెట్టినట్ల ఉండాది. కంప్రెషన్, అంటే గట్టి సౌండునూ మెల్ల సౌండునూ దగ్గరికి నొక్కేది, నేనే ఇంట్లో తగ్గించుకోవచ్చా?

పెన్నాగట్టు:
లిమిటర్‌తో (సౌండు ఒక హద్దు దాటకుండా నొక్కేది) మోదినారు తమ్ముడూ. డిజిటల్లో జీరో డెసిబెల్ అంటే మిద్దె పైకప్పు మాదిరి, దాన్ని దాటి పోయేకి లేదు. ఇంగా గట్టిగా వినపడల్లంటే పైకి లేచే దెబ్బల తలలు నలగ్గొట్టి మిగతాదంతా పైకి లేపుతారు, మీ పాటలో అన్నిటికంటే పైకి లేచేది చెక్కే కాబట్టి ముందు దెబ్బ దానికే. గొంతు మునిగి తేలేది ఎందుకంటే, గొంతూ వాయిద్యాలూ అన్నీ కలిపిన మిక్స్ మీద ఒకే కంప్రెసర్ వేసినారు, డోలక్‌ను అణిచేటప్పుడు అది గొంతును కూడా కలిపి అణుస్తాది. పంపింగ్ అంటారు దీన్ని.

ఇంట్లో సరిచేసేది కష్టమే. ఆడాసిటీలో క్లిప్ ఫిక్స్ అని ఉండాది, తెగిన తలలు ఎట్లుండి ఉంటాయో అంచనాకు గీస్తాది, అక్కడక్కడ తెగినదానికి పనికొస్తాది గానీ పాటంతా నలిగిపోతే అది కూడా ఏం చేయలేదు. స్టూడియోకు పోయి లిమిటర్ వేయకముందు మిక్స్ అడుగు, 24 బిట్ వేవ్ ఫైల్ (సౌండు ఏం కోయకుండా ఉండేది). ఎంపీ3 ఇస్తే తీసుకోవద్దు.

అనంతపురం మైకుసెట్టు:
స్టూడియోవాళ్లనే తప్పు పట్టొద్దప్పా. నేనూ చిన్న సెటప్ పెట్టుకొని చేస్తాండా, వచ్చినోడు వచ్చినట్ల ఫోన్లో ఏదో సినిమా పాట పెట్టి "దీనికంటే మాది సౌండు తక్కువుండాదే" అంటాడు, ఇంగ మేమేం చేయల్ల? పైగా ఆటోలో, ట్రాక్టర్ మీద వినేటోళ్లకు కొంచెం కంప్రెషన్ ఉండల్ల, లేకుంటే మెల్లగా పాడిన చరణం ఇంజన్ మోతలో కలిసిపోతాది.

అయితే యూట్యూబ్‌కు మోదేది మాత్రం దండగ. యూట్యూబ్ గానీ స్పాటిఫై గానీ గట్టి పాటను సుమారు మైనస్ 14 లఫ్స్‌కు (చెవికి ఎంత గట్టిగా వినపడతాదో కొలిచే లెక్క) దించేస్తాయి. మీది మైనస్ 7 ఉంటే 7 డెసిబెల్స్ దిగిపోతాది, చెక్క నలిగింది మాత్రం నలిగినట్లే ఉంటాది. తక్కువున్నదాన్ని యూట్యూబ్ పెంచదు, అందుకని మైనస్ 20 దగ్గర కూడా వదిలేయొద్దు. మైనస్ 14, 15 దగ్గర పెట్టుకో, ట్రూ పీక్ (సౌండు లేచే అసలు ఎత్తు) మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకో.

కొండారెడ్డి బురుజు:
ఈ గొడవ మన ఊర్లదే కాదు. 2008లో మెటాలికా అనే అమెరికా రాక్ బ్యాండు డెత్ మాగ్నెటిక్ ఆల్బమ్ వచ్చినప్పుడు, అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో అంత నలగ్గొట్టకుండా ఉన్నాయని అభిమానులు కనిపెట్టి, మళ్లా మిక్స్ చేయండని వేలమంది పిటిషన్ పెట్టినారు. కోట్లు పెట్టి చేసేటోళ్లకే తప్పలేదు.

తమ్ముడూ, కొత్త ఫైలూ పాతదీ ఊరికే పక్కపక్కన పెట్టి వినొద్దు. రెండిట్లో ఏది గట్టిగా ఉంటే అదే బాగుండాదని చెవి మోసపోతాది. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో రెండిటినీ ఒకే లెవెల్‌కు తెచ్చి అప్పుడు విను.

జమ్మలమడుగు పిల్లోడు:
అన్నలూ, పోయి అడిగినా. మొదట ఆ ఫైళ్లు లేవన్నాడు, టీ తాగి కూర్చుంటే హార్డ్ డిస్క్‌లో దొరికినాయి. మిక్స్ మైనస్ 21 ఉండాది, లిమిటర్ తక్కువగా వేయించి మైనస్ 15కు తెచ్చినాము, అంతకంటే పైకి పోతే చెక్క మళ్లా చప్ మంటాంది. లెవెల్ కలిపి వింటే నమ్మలేకపోయినా, రెండో చరణంలో గజ్జె ఒక్కటే ఆగి మళ్లా అందుకునే చోటు ఉండాదని ఇప్పుడే తెలిసింది. నాయనకు పెడితే "సౌండు తగ్గించినావేందిరా" అని ఆయనే ఫోన్ వాల్యూమ్ రెండు గీతలు పెంచుకొని, పాటంతా అయ్యేదాకా తొడ మీద తాళం వేసుకుంటా కూర్చున్నాడు. ఇంగా ఐదు పాటలుండాయి, ఒక్కోదానికి ఐదువందలు అడుగుతాండాడు, లిమిటర్ ఒక్కటే కదా, మిగతావి ఆడాసిటీలో నేనే వేసుకుంటే సరిపోతాదా?

పెన్నాగట్టు:
సరిపోతాది. రెండు, మూడు డెసిబెల్స్‌కు మించి నొక్కొద్దు, వేవ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకో.