రెన్ డే గడ్డి ముసుగు: అల్లేటప్పుడు కాడలు చిట్లుతున్నాయి, ఏం చేయాలి?

ఐర్లాండ్‌లో డిసెంబర్ 26న, సెయింట్ స్టీఫెన్ రోజున, రెన్ పిట్ట పేరుతో ఊరేగేవాళ్లు తలకు తొడుక్కునే శంఖు ఆకారపు గడ్డి ముసుగు గురించి అడుగుతున్నాను. కెర్రీ కౌంటీలోని డింగిల్ పట్టణంలో ఈ ఊరేగింపు ఇప్పటికీ ఘనంగా జరుగుతుంది.

వాడుతున్నది ఓట్స్ గడ్డి. హార్వెస్టర్ కాడలను నలిపి ముక్కలు చేసేస్తుంది కాబట్టి, కొడవలితో కోసి ఆకు తొడుగు ఒలిచిన గడ్డే ఇది. చన్నీళ్లలో అరగంట నానబెట్టి, తడిగుడ్డలో గంటసేపు చుట్టి ఉంచినా, మూడు పాయల జడ వంపు తిరిగేచోట కాడ చిట్లుతోంది. దగ్గరగా చూస్తే విరుపు ప్రతిసారీ కణుపు దగ్గరే. పై కణుపుకు మీది భాగమే తీసుకుంటే కాడ పొట్టిదై, అంచు గడ్డం దాకా దిగదు. లోపల ఉన్నదెవరో ఊరివాళ్లు పోల్చుకోలేకపోవడమే ఈ ముసుగుకు ప్రాణం, అందుకే పొడవు వదులుకోవాలని లేదు.

గోరువెచ్చని నీళ్లు మేలా? రై (గోధుమ లాంటి ధాన్యం) గడ్డి ఇంకా పొడవుగా దొరుకుతుంది, కానీ ఇంతకన్నా బిరుసుగా ఉంటుందా? ఇంకోటి: శిఖరం దగ్గర పురికొసతో ఎంత బిగించినా, ఎండాక గడ్డి సన్నబడి కట్టు వదులైపోతోంది. రెండోసారి ఎప్పుడు బిగించాలి? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.