గేర్ బండితో రోడ్డు టెస్టు, దానికి ముందు రాతపరీక్ష: ఎక్కడ దృష్టి పెట్టాలి?

కొత్తచక్రం:

నమస్కారమండీ. ఇంకో మూడు వారాల్లో రాతపరీక్ష, అది గట్టెక్కితే ఆ వెంటే రోడ్డు టెస్టు. బండి గేర్లదే, ఆటోమేటిక్ కాదు. నాలుగు చోట్ల తడబడుతున్నాను.

మాక్ టెస్టుల్లో 75 శాతం దగ్గరే ఆగిపోతోంది, అంకెలన్నీ కలగాపులగం అవుతున్నాయి. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలిస్తే బండి వెనక్కి జారుతోంది, లేదా ఆఫ్ అయిపోతోంది. రెండు బండ్ల మధ్య రివర్స్‌లో పెట్టడం ఒకసారి కుదిరితే మూడుసార్లు కుదరడం లేదు. ఇక ఎగ్జామినర్ అసలు దేనికి మార్కులు కోస్తారో అర్థం కావడం లేదు.

"బాగా ప్రాక్టీస్ చెయ్యి, భయపడకు" అన్న సలహా ఇప్పటికే బోలెడు అందింది. అంతకంటే పనికొచ్చే వివరం ఏమైనా ఉంటే చెప్పండి.

పసుపుగీత:

రాతపరీక్ష సంగతి నేను చెప్తాను, మిగతావి తెలిసినవాళ్లు చెప్తారు.

75 దగ్గర ఆగిపోయిందంటే చదివింది చాలక కాకపోవచ్చు, తప్పులన్నీ ఒకే గూటివి అయ్యుంటాయి. మాక్ టెస్టు అవగానే మార్కులు చూసి మూసేయకండి. కాగితం మీద మూడు గళ్లు గీసి, తప్పిన ప్రతి ప్రశ్ననీ ఒక గడిలో వేయండి: విషయం తెలియక తప్పినవి, అంకె మరిచి తప్పినవి, ప్రశ్నని సరిగ్గా చదవక తప్పినవి. నాలుగు టెస్టులయ్యేసరికి ఏ గడి నిండిందో కనపడుతుంది. చాలామందికి మూడోదే నిండుతుంది. "కింది వాటిలో చేయకూడనిది ఏది", "ఏ సందర్భంలో తప్ప" లాంటి ప్రశ్నల్లో ఆ "కూడని", "తప్ప" అన్న మాటల మీద ముందు వేలు పెట్టి, తర్వాత జవాబులు చదవండి. "ఎల్లప్పుడూ", "ఎట్టి పరిస్థితుల్లోనూ" అని మొదలయ్యే జవాబుని కాస్త అనుమానంగా చూడాలి గానీ, ఎర్ర లైటు, మద్యం లాంటి విషయాల్లో అదే సరైన జవాబు కావచ్చు. గుడ్డి సూత్రంగా వాడొద్దు.

బోర్డుల విషయంలో బొమ్మ కంటే ముందు ఆకారం, రంగు పట్టుకోండి. స్టాప్ బోర్డుకి ఎనిమిది భుజాలు, దారి ఇవ్వమనే బోర్డుకి తలకిందుల త్రికోణం. మట్టి కొట్టుకుపోయినా, వెనకనుంచి చూసినా పోల్చుకోగలగాలనే వీటికి విడి ఆకారాలు ఇచ్చారు. రోడ్డు బోర్డుల మీద కుదిరిన 1968 వియన్నా ఒప్పందపు బాటలో నడిచే చాలా దేశాల్లో ఎర్ర అంచు త్రికోణం అంటే హెచ్చరిక, ఎర్ర అంచు వృత్తం అంటే నిషేధం లేదా పరిమితి, నీలం వృత్తం అంటే తప్పనిసరిగా చేయాల్సినది. మరికొన్ని చోట్ల హెచ్చరికకి పసుపు డైమండ్ వాడతారు. జపాన్‌లోనైతే స్టాప్ బోర్డే తలకిందుల త్రికోణం! అందుకే ఫోన్‌లో దొరికిన ఏదో ఒక యాప్‌తో కాదు, మీరు పరీక్ష రాసే చోటి అధికారిక పుస్తకంతోనే చదవండి. మాక్ టెస్టులు బాగా వచ్చి అసలు పరీక్ష పోవడానికి వేరే చోటి ప్రశ్నలు బట్టీ పట్టడం ఒక పెద్ద కారణం.

అంకెల్లో రెండు రకాలున్నాయి. వేగ పరిమితులు, రక్తంలో మద్యం పరిమితి, కూడలికి ఎంత దూరంలో పార్క్ చేయకూడదు లాంటివి ఒకచోటికీ మరోచోటికీ మారతాయి, వాటిలో తర్కం వెతికి లాభం లేదు. ఒకే కాగితం మీద రాసుకుని, రోజూ చూడకుండా తిరిగి రాయండి. బండి ఆగే దూరాన్ని మాత్రం బట్టీ పట్టొద్దు, లెక్క తెలిస్తే మరిచిపోరు. ప్రమాదం చూసి కాలు బ్రేక్ మీదకి వెళ్లడానికి సుమారు ఒక సెకను పడుతుందనుకోండి. 40 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులో బండి 11 మీటర్లు పోతుంది, 80లో 22 మీటర్లు. అంటే వేగం రెట్టింపైతే ఈ దూరమూ రెట్టింపే. కానీ బ్రేక్ పడ్డాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది: పొడి రోడ్డు మీద మంచి టైర్లతో 40లో దాదాపు 9 మీటర్లు, 80లో 35. మొత్తం కలిపితే 40లో 20 మీటర్లు, 80లో 57. పుస్తకంలో మీకిచ్చిన పట్టికలో అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి, ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో రియాక్షన్ సమయం తీసుకుంటారు. పరీక్షకి పట్టికే రాయాలి, లెక్క గుర్తుండటానికి మాత్రమే.

కూడలిలో ముందు ఎవరు వెళ్లాలి అన్న ప్రశ్నలు చదివితే ఎక్కవు. టేబుల్ మీద సుద్దతో కూడలి గీసి, అగ్గిపెట్టెలు పెట్టి జరపండి. అరగంటలో తేలిపోతుంది.

హాఫ్‌క్లచ్:

ఎత్తు మీద సమస్యకి మూలం ఎత్తు కాదు, చదును మీద బైటింగ్ పాయింట్ (క్లచ్ వదులుతుంటే ఇంజిన్ పట్టు చక్రాలకి అందే చోటు) కాలికి తెలియకపోవడం. ముందు అది కుదరాలి.

ఖాళీ స్థలంలో, చదును నేల మీద, ఫస్ట్ గేర్ వేసి యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ మెల్లగా వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ ముక్కు కొంచెం పైకి లేస్తుంది. అదే పాయింట్. పాదాన్ని అక్కడే నిలపండి. బండి పాకడం మొదలై చక్రం ఒక చుట్టు తిరిగేదాకా పాదం కదపొద్దు, ఆ తర్వాతే మిగతాది వదలండి. కొత్తవాళ్ల చేతిలో బండి ఆఫ్ అయ్యేది ఎక్కువగా ఇక్కడే: పాయింట్ దొరకగానే "హమ్మయ్య" అని కాలు తీసేస్తారు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, ఇంజిన్ తిరిగేది నిమిషానికి 800 చుట్ల చుట్టుపక్కల. నిలిచి ఉన్న బండి బరువంతా ఒక్కసారిగా మీద పడితే అది తట్టుకోలేదు. మడమని నేలకి ఆనించి, పాదాన్ని మడమ మీద మడుస్తూ వదిలితే మిల్లీమీటర్ల లెక్కన కదులుతుంది. తొడతో కాలెత్తితే ఎప్పటికీ కుదరదు. సీటు దూరం కూడా చూసుకోండి, క్లచ్ అడుగు దాకా తొక్కినప్పుడు మోకాలు ఇంకా కాస్త వంగి ఉండాలి.

ఇది పదిసార్లు వరసగా కుదిరాక ఎత్తుకి వెళ్లండి. హ్యాండ్‌బ్రేక్ పైకి లాగి ఉంచండి, బటన్ నొక్కిపట్టి రెడీగా. ఫస్ట్ గేర్. కొద్దిగా రేస్ ఇచ్చి ఇంజిన్ చుట్ల మీటర్ 1500 దగ్గర నిలపండి. క్లచ్ పాయింట్‌కి తేగానే బండి వెనక భాగం కొంచెం కుంగినట్టు, ముందుకి లాగుతున్నట్టు తెలుస్తుంది. ఆ లాగుడు తెలిశాకే హ్యాండ్‌బ్రేక్ దించండి, దించేటప్పుడు రెండు పాదాలూ కదలకూడదు. వెనక్కి జారిందంటే పాయింట్ రాకముందే హ్యాండ్‌బ్రేక్ దించారని. ఆఫ్ అయిందంటే రేస్ చాలలేదు, లేదా దించే కంగారులో ఎడమ పాదం ఎగిరింది. డీజిల్ బండి తక్కువ ఎత్తుకి రేస్ లేకుండానే లేస్తుంది, పెట్రోల్ బండి చాలావరకు అలా లేవదు. ఒక బండిలో నేర్చుకుని మరో బండిలో టెస్టుకి వెళ్లేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

హిల్ హోల్డ్ (ఎత్తు మీద జారకుండా తానే బ్రేక్ పట్టే సదుపాయం) ఉన్న బండి అయితే బ్రేక్ వదిలాక దాదాపు రెండు సెకన్లు పట్టి ఉంచుతుంది. దాని మీద ఆధారపడి నేర్చుకోకండి. టెస్టుకి ఏ బండి ఇస్తారో మీ చేతిలో లేకపోవచ్చు.

వెనకసీటు:

ఎగ్జామినర్ దేనికి కోస్తారు అన్న ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు: ఆయనకి కనపడనిది మీరు చేసినట్టు కాదు.

అద్దం చూడటానికి కళ్లు మాత్రమే తిప్పితే పక్కనున్నవాడికి తెలియదు. తల కొంచెం తిప్పండి. సినిమాల్లోలా అటూ ఇటూ ఊపమని కాదు, గడ్డం కదిలితే చాలు. ఏ మలుపుకైనా, లేన్ మార్పుకైనా వరస ఇది: లోపలి అద్దం, మలుపు వైపు అద్దం, ఇండికేటర్, మళ్లీ ఒకసారి భుజం మీదుగా చూపు, ఆ తర్వాతే స్టీరింగ్. ఇండికేటర్, స్టీరింగ్ ఒకేసారి కదిలితే అది సంకేతం కాదు, సమాచారం మాత్రమే. కనీసం మూడు సెకన్లు ముందు వేయండి. రోడ్డు అంచునుంచి బయల్దేరేటప్పుడు భుజం మీదుగా చూడటం మరిచిపోవడం అందరికంటే ఎక్కువగా జరిగే తప్పు, అదీ టెస్టు మొదటి నిమిషంలోనే.

అద్దాలు సరిగ్గా పెట్టకపోతే ఈ చూపంతా దండగ. లోపలి అద్దంలో వెనక గాజు మొత్తం కనపడాలి. పక్క అద్దాల్లో మీ బండి ఒళ్లు సన్నని చారలా లోపలి అంచున, దూరాన నేల, ఆకాశం కలిసే గీత సుమారు మధ్యలో. ఇవన్నీ బండి కదలకముందే, సీటు సర్దుకున్న తర్వాత. సీటు కంటే ముందే అద్దాలు సర్దితే మళ్లీ మొదటికొస్తుంది.

స్టాప్ గీత దగ్గర "దాదాపు ఆగాను" అన్నది చెల్లదు. చక్రాలు పూర్తిగా నిలవాలి, గీతకి ఇవతలే. అక్కడినుంచి అడ్డరోడ్డు కనపడకపోతే ఒకసారి ఆగాక మళ్లీ పాక్కుంటూ ముందుకి జరిగి చూడొచ్చు. ట్రాఫిక్‌లో ముందు బండి వెనక ఆగినప్పుడు దాని వెనక టైర్లు నేలని తాకే చోటు మీకు కనపడేంత ఖాళీ ఉంచండి. ఎదురు బండ్ల కోసం ఆగి అవతలి వైపు మళ్లాల్సి ఉంటే చక్రాలు నిటారుగానే ఉంచండి. ముందే తిప్పి పెట్టుకుంటే, వెనకనుంచి ఎవరైనా గుద్దినప్పుడు నేరుగా ఎదురు బండి ముందుకి వెళ్లి పడతారు.

మరో తప్పు: ఆగడానికి చాలా ముందే క్లచ్ తొక్కేయడం. ఇంజిన్ పట్టు పోయి బండి తేలిపోతుంది. ముందు బ్రేక్, బండి ఆగే చివరి క్షణంలో క్లచ్. ఎమర్జెన్సీ స్టాప్ అడిగినా అంతే. ఏబీఎస్ (గట్టి బ్రేక్‌కి చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉంటే బ్రేక్ పెడల్ వణికినా వదలొద్దు, గట్టిగా తొక్కి పట్టండి.

ఎర్ర లైటు దాటడం, కాలినడకన దాటేవాళ్లకి దారి ఇవ్వకపోవడం, అంచు గట్టు ఎక్కించడం, ఎగ్జామినర్ నోటితోనో చేత్తోనో కల్పించుకోవాల్సి రావడం... వీటిలో ఏది జరిగినా సాధారణంగా అక్కడితో సరి. కానీ మరీ నెమ్మదిగా పోవడం కూడా తప్పే. రోడ్డు ఖాళీగా ఉండి 50 అనుమతించిన చోట 25లో పోతే, "జాగ్రత్త" అని ఎవరూ మెచ్చుకోరు, సందేహిస్తున్నారని రాస్తారు. ఎగ్జామినర్ ఒకవైపు మళ్లమంటే పొరపాటున మరోవైపు మళ్లినా, సంకేతం, చూపు సరిగ్గా ఉంటే చాలాచోట్ల దానికి మార్కులు పోవు. పోయేది చివరి నిమిషంలో దిద్దుకోబోయి అడ్డంగా కోసినప్పుడు.

మూడుచుట్లు:

రివర్స్ పార్కింగ్ ఒకసారి కుదిరి మూడుసార్లు కుదరలేదంటే మొదలుపెట్టే చోటు ప్రతిసారీ మారుతోందని. అది స్థిరపడితే మిగతాది దానంతటదే వస్తుంది.

ఖాళీ మీ బండి పొడవుకి కనీసం ఒకటిన్నర రెట్లుండాలి. ముందున్న బండి పక్కనే, దానికి సమాంతరంగా, మధ్యలో ముప్పాతిక మీటరు నుంచి ఒక మీటరు దూరంలో ఆగండి. వెనక బంపర్లు రెండూ ఒకే వరసలో ఉండాలి. రివర్స్ వేసి, చుట్టూ చూసి, బండి పాకుతుండగా స్టీరింగ్ అంచు వైపు ఫుల్ కట్. రోడ్డుకి 45 డిగ్రీల వాలుకి రాగానే స్టీరింగ్ నిటారు చేసి వెనక్కి రండి. మీ ముందు బంపర్ మూల ముందు బండి వెనక మూలని దాటగానే అవతలి వైపు ఫుల్ కట్. ముగిసేసరికి అంచుకి 30 సెంటీమీటర్ల లోపు ఉంటే బాగున్నట్టే.

తప్పుని చూసి కారణం చెప్పొచ్చు. వెనక చక్రం గట్టుకి తగిలిందా, 45 కంటే ఎక్కువ వాలనిచ్చారు, లేదా రెండో కట్ ఆలస్యమైంది. అంచుకి చాలా దూరంగా నిలిచిందా, రెండో కట్ తొందరగా చేశారు, లేదా 45 దాకా రాకముందే నిటారు చేశారు. ముందు మూల అవతలి బండికి రాసుకునేలా ఉందా, బంపర్ దాటకముందే తిప్పారు.

చాలా కార్లలో ఒక చివరినుంచి మరో చివరికి స్టీరింగ్ మూడు చుట్ల దగ్గర ఉంటుంది, అంటే మధ్యనుంచి ఒకటిన్నర. మీ బండిలో ఎన్నో ఒకసారి లెక్కపెట్టుకోండి. "నిటారు చేయడం" కంటిచూపుతో కాదు, ఆ లెక్కతో చేయాలి. బండి నిలిచి ఉండగా స్టీరింగ్ తిప్పడం టైర్లకి మంచిది కాదు, పైగా బరువుగా ఉంటుంది. నడక వేగంకంటే తక్కువలో పాకుతూ తిప్పండి, క్లచ్‌తోనే వేగం పట్టండి. ఇంకొకటి, అద్దాల్లోకే చూస్తూ ఉండిపోవద్దు. వెనక గాజులోంచి చూడాలి, ఎవరైనా నడిచి వస్తుంటే ఆగాలి. పార్కింగ్ వంకరగా వచ్చినా క్షమిస్తారేమో గానీ, వెనక మనిషి ఉన్నా చూడకపోతే క్షమించరు.

కొత్తచక్రం:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్సండీ. మూడు గళ్ల కాగితం ఇవాళే మొదలుపెట్టాను, మూడోదే నిండుతోంది! చివరిగా ఒక్కటి: టెస్టులో ఉండగా కూడలి మధ్యలో బండి ఆఫ్ అయిపోతే?

హాఫ్‌క్లచ్:

వెంటనే బ్రేక్, క్లచ్ తొక్కి న్యూట్రల్, స్టార్ట్, మళ్లీ ఫస్ట్. కదిలేముందు అద్దాలు, రెండు వైపులా చూపు, ఎందుకంటే ఈ నాలుగు సెకన్లలో చుట్టూ ఉన్న బండ్లు మారిపోయి ఉంటాయి. ఒక్కసారి ఆఫ్ అవడం చాలాచోట్ల చిన్న తప్పే. గేర్‌లోనే ఉంచి క్లచ్ తొక్కకుండా తాళం తిప్పితే బండి ఒక్క ఎగురు ఎగిరి ముందుకి పోతుంది చూడండీ, అది మాత్రం పెద్ద తప్పుగానే రాస్తారు.