'ప్లే-ఇన్'ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: యూరోలీగ్ బాస్కెట్‌బాల్ 2023-24 సీజన్ గురించి తెలుగులో రాస్తున్నాను. 'ప్లే-ఇన్'ను 'నాకౌట్' అనేస్తే సరిపోతుందా?

మొదటి జవాబు: సరిపోదండీ. నాకౌట్‌లో ఓడితే ఇంటిముఖం పట్టాల్సిందే. ఇక్కడ అందరికీ ఆ నియమం లేదు. 18 జట్లు తలా 34 మ్యాచ్‌లు ఆడాక మొదటి ఆరు నేరుగా ఎనిమిది జట్ల ప్లేఆఫ్స్‌కు వెళ్లాయి. మిగిలిన రెండు బెర్తుల కోసం ఆడేదే ప్లే-ఇన్. ఏడు, ఎనిమిది స్థానాల జట్లు తలపడితే గెలిచినదానికి ఏడో బెర్తు. ఓడిన జట్టుకు ఇంకో అవకాశం ఉంటుంది: తొమ్మిది, పది స్థానాల పోరులో నెగ్గినదానితో ఎనిమిదో బెర్తు కోసం ఆడాలి. బాస్కోనియా జట్టు సరిగ్గా అలాగే వచ్చింది. మక్కాబీ టెల్ అవీవ్ చేతిలో ఓడి, తర్వాత వర్టుస్ బొలోన్యాను 89-77తో ఓడించింది. నాకౌట్ అని రాస్తే, ఓడిన జట్టు మళ్లీ ఎలా ఆడిందని పాఠకుడు తికమకపడతాడు.

రెండో సభ్యుడు: 'క్వాలిఫయర్' అంటే? ఐపీఎల్ చూసేవాళ్లకు తెలిసిన మాటే కదా.

మొదటి జవాబు: రెండో అవకాశమనే మెలిక ఒకటేనండీ. కానీ ఐపీఎల్ తొలి క్వాలిఫయర్ మొదటి రెండు స్థానాలవాళ్లది, గెలిస్తే నేరుగా ఫైనలే. ఇది ఏడో స్థానం దగ్గరి గొడవ. నా ఓటు 'ప్రవేశ పోరు'కు. తొలిసారి మాత్రం ప్లే-ఇన్ అనే మాటా పక్కన ఉంచండి.

మూడో సభ్యురాలు: ఇంకో చిక్కుంది. ఐపీఎల్ అలవాటుతో లీగ్ దశ దాటగానే 'ప్లేఆఫ్స్ చేరింది' అనేస్తాం. యూరోలీగ్‌లో ప్లేఆఫ్స్ అంటే ఎనిమిది జట్ల నాలుగు సిరీస్‌లే. పదో స్థానపు వర్టుస్ వాటిని చేరనే లేదు. సిరీస్ 'బెస్ట్ ఆఫ్ ఫైవ్'ను 'ఐదింటిలో ఉత్తమం' అనకండి, అర్థం లేని మాట. 'ఐదింట మూడు గెలవాలి' అంటే చాలు. పనాథినైకోస్ మక్కాబీని 3-2తో దాటింది అలాగే.

ప్లేఆఫ్స్ నెగ్గిన నాలుగు జట్లు తలపడే 'ఫైనల్ ఫోర్'ను 'చివరి నాలుగు' చేస్తే పట్టికలో అట్టడుగు జట్లనుకుంటారు. దాన్ని అలాగే ఉంచడం మేలు. బెర్లిన్‌లో ఒక్కో మ్యాచ్‌తోనే తేలిపోయే సెమీస్, ఫైనల్ అవి. మే 26న పనాథినైకోస్ 95-80తో రియల్ మాడ్రిడ్‌ను ఓడించింది.

ప్రశ్న అడిగినవారు: మరి సీజన్‌ను 'రుతువు' అనవచ్చా?

మూడో సభ్యురాలు: వద్దండీ. అక్టోబరు నుంచి మే దాకా శరత్తు, హేమంతం, శిశిరం, వసంతం అన్నీ ఆ ఒక్క సీజన్‌లోనే దొర్లిపోయాయి.